తొలిచూలు దక్కి మలిచూలు దక్కని తల్లులు

కొలది వారముల క్రిందట మా కేంద్రమునకు ఒక జాబు వచ్చినది. వ్రాయించినది ఒక పెద్దామె. తన తమ్ముని కూతురినే కోడలిగా తెచ్చుకొన్నదట. తొలి కాన్పున మగబిడ్డ కలిగెను. వానికి ఇప్పుడు మూడేండ్లు. ఇల్లంతయు తానే అయి తిరుగుచున్నాడు. కోడలికి మరల అయిదవ నెల. ఆసుపత్రిలో రక్తము పరీక్షించి ‘నెగెటివు’ అని కాగితముమీద వ్రాసి ఇచ్చిరి. ఆ మాట చెవిని బడిన పొరుగింటి ఇల్లాలు, “అటువంటి రక్తము గలవారికి తొలిచూలు దక్కును గాని మలిచూలు దక్కదు” అని ఒక మాట జారవిడిచెను. ఆనాటినుండి ఆ ఇంట ఎవరికిని కంటిమీద కునుకు లేదు. జాబులో మూడు ప్రశ్నలు కలవు. ఇది ఏమి దోషము? మేనరికమువలన వచ్చినదా? బిడ్డ దక్కునా?

మేము వైద్యులము కాము. మైక్రోఫోను ముందు కూర్చుండి, ఇతరులు కష్టపడి కనుగొన్న సంగతులను నలుగురికి వినిపించువారము మాత్రమే. ఆ పెద్దామెకు చేయవలసిన పని ఏమో వైద్యులనడిగి తెలిసికొని, చిన్న బదులు వెంటనే తపాలాలో పంపితిమి. ఇది పెద్ద బదులు. ఏలనన, ఆ పొరుగింటి ఇల్లాలు పూర్తిగా అబద్ధము చెప్పలేదు. 1968కి పూర్వము ఆ మాట అనేక గృహములలో నిజమే అయినది. అది నిజము కాకుండ చేసినవారెవరు, ఎట్లు చేసిరి అనునది తెలిసికొనదగిన చరిత్ర.

ఈ వ్యాధి ఆనవాలు వ్రాతలో మొదట కనబడునది 1609వ సంవత్సరములో, ఫ్రాన్సు దేశమున. లూయీజ్ బూర్జ్వా యను మంత్రసాని తన అనుభవములను గ్రంథముగా ప్రకటించెను. ఫ్రాన్సు రాణి మరీ ద మెదిచీకి పురుడు పోసినది ఈమెయే. పదమూడవ లూయీ రాజు 1601లో ఈమె చేతులలోనే భూమిమీద పడెను. అట్టి అనుభవశాలి తాను చూచిన ఒక కవలల కాన్పును వర్ణించినది. మొదటి శిశువు ఒడలంతయు నీరుపట్టి ఉబ్బి, పుట్టుచునే మరణించెను. రెండవది చూచుటకు బాగుగనే యుండి, పిదప పసుపుకొమ్మువలె పచ్చబడి, కొద్ది దినములలో కన్ను మూసెను. ఒకే కాన్పు, రెండు రూపములు. ఆ రెండును ఒకే వ్యాధి యని తెలియుటకు ఇంకను మూడువందల ఇరువది మూడేండ్లు పట్టినది.

ఈ నడుమ కాలములో నింద ఎవరిమీద పడెనో వేరుగ చెప్పనక్కరలేదు. బిడ్డలు వరుసగా పోవుచున్నచో ఐరోపా వైద్యులు తల్లిదండ్రులకు సవాయిరోగము కలదేమో యని అనుమానించెడివారు. మన ఇండ్లలో బాలగ్రహమనిరి, గర్భదోషమనిరి. తాయెత్తులు కట్టిరి, మ్రొక్కులు మ్రొక్కిరి. పుట్టిన బిడ్డను పెంటకుప్పమీద దొర్లించి, చేటలో తెచ్చి, పెంటయ్య యనియో పుల్లమ్మ యనియో పేరు పెట్టిన, మృత్యువు చీదరించుకొని వదలిపోవునని నమ్మిరి. ఆ పేరుగల తాతలు, అవ్వలు మన శ్రోతల కుటుంబములలో ఎందరో ఉండి యుందురు. ఆ పేర్లన్నిటి వెనుకను ఈ వ్యాధియే కలదనుట తప్పు. మశూచి, విరేచనములు, పురిటివాయువు కొనిపోయిన శిశువులే హెచ్చు. కాని తొలి బిడ్డ నిక్షేపముగా నుండి, రెండవది పచ్చబడి పోయి, మూడవది కడుపులోనే చచ్చి పుట్టిన ఇల్లు ఒకటి కలదన్నచో, అక్కడ ఈ వ్యాధిని అనుమానింపవచ్చును. దాని నడక అదియే. కాన్పు పెరిగినకొలది కీడు ముదురును.

ఇంతకును రక్తములన్నియు ఒకటి కావని లోకమునకు తెలిసినదే ఇరువదవ శతాబ్దములో. వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ అను శాస్త్రజ్ఞుడు తన రక్తమును, తన తోడి పనివారల రక్తమును తీసికొని, ఒకరి ఎఱ్ఱకణములను వేరొకరి రక్తరసములో కలిపి చూచెను. కొన్ని జంటలు హాయిగా కలిసినవి. కొన్ని పెరుగువలె ముద్దలు కట్టినవి. ఆ చిన్న ప్రయోగమునుండి 1901లో ఎ, బి, ఓ అను రక్తవర్గముల జ్ఞానము పుట్టినది. అందులకు ఆయనకు 1930లో నోబెల్ బహుమానము లభించెను. అప్పటినుండి ఒకే వర్గమువారి రక్తము ఒకరికొకరికి నిర్భయముగా ఎక్కింపవచ్చునని వైద్యులు తలచిరి. చాలమట్టుకు అది నిజమే. అప్పుడప్పుడు మాత్రము, ఒకే వర్గమైనను, రక్తము పుచ్చుకొన్న రోగి చలితో వణకి, నడుము నొప్పితో మెలికలు తిరిగెడివాడు. ఎందులకో ఎవరికిని తెలియలేదు.

1932లో బోస్టన్ నగరపు శిశువైద్యులు లూయీ డైమండ్, కెన్నెత్ బ్లాక్‌ఫాన్, జేమ్స్ బేటీ అనువారు ఒక ముఖ్యమైన మాట చెప్పిరి. నీరుపట్టి పుట్టుట, పుట్టిన గంటలలోనే కామెర్లు ముదురుట, కొన్ని వారములకు బిడ్డ తెల్లగా పాలిపోవుట ఇవి మూడు వ్యాధులు కావు, ఒకదానికే మూడు ముఖములు; మూడింటను శిశువుయొక్క ఎఱ్ఱకణములు చితికిపోవుచున్నవి అని. బూర్జ్వా కవలల చిక్కు అప్పటికి వీడెను. ఆ కణములను చితుకగొట్టునది ఏది?

సరియైన దిక్కు చూపినది ఒక తల్లి. రూత్ డారో యను ఆమె చికాగోలో రోగనిర్ణయ శాస్త్రమునందు పని చేయుచుండెను. ఈ వ్యాధివలననే ఆమె తన బిడ్డను పోగొట్టుకొన్నది. అటువంటి దుఃఖము కలిగినవారు తరచుగా ఆ మాట తలపెట్టుటకే ఇష్టపడరు. ఈమె అట్లు చేయలేదు. అంతవరకు ఈ వ్యాధినిగూర్చి ఎవరెవరు ఏమి వ్రాసిరో అంతయు చదివి, ఒక్కొక్క సిద్ధాంతమునే పట్టి చూచి, చెల్లనివానిని త్రోసివైచి, 1938లో తన వాదమును ప్రకటించెను. బిడ్డ రక్తములో తల్లి రక్తమునందు లేని వస్తువేదియో కలదు. అది ఎట్లో మావిని దాటి తల్లి ఒడలిలో ప్రవేశించును. తల్లి దేహము దానిని పరాయిదానిగా నెంచి, దానికి విరుగుడుగా ప్రతిరక్షకమును, అనగా యాంటీబాడీని, పుట్టించును. అది తిరిగి మావిని దాటి బిడ్డలోనికి పోయి, బిడ్డ ఎఱ్ఱకణములను చంపును. తొలి బిడ్డ ఏల దక్కునో, తరువాతివారు ఏల దక్కరో ఈ వాదమువలన చక్కగా తెలియును. మొదటి కాన్పు నాటికి తల్లి దేహము శత్రువును అప్పుడప్పుడే గుర్తించుచుండును. రెండవనాటికి ఆయుధము సిద్ధము.

డారో ఒక్కచోట పొరబడెను. ఆ పరాయి వస్తువు శిశువునందలి ప్రత్యేకమైన హీమోగ్లోబిన్ కావచ్చునని ఆమె యూహించినది. అది కాదు. ఈ ఒక్క తప్పువలననో, ప్రయోగశాలలో ఆ వస్తువును పట్టి చూపలేకపోవుటవలననో, ఈ చరిత్ర చెప్పువారు ఆమెను ఒక వాక్యములో ముగించి ముందుకు సాగుదురు. మాకది న్యాయముగా తోచదు. ఇల్లు ఏ వీధిలో ఉన్నదో చెప్పినది ఆమె; తలుపు సంఖ్య మాత్రమే తప్పినది.

ఆ తలుపును మరుసటి యేడే తట్టినవారు న్యూయార్క్‌లోని ఫిలిప్ లెవీన్, రూఫస్ స్టెట్సన్. ఇరువదియైదేండ్ల స్త్రీ ఒకతె మృతశిశువును కనెను. రక్తస్రావము హెచ్చుటచేత ఆమెకు రక్తము కావలసివచ్చెను. ఆమెది ఓ వర్గము, భర్తదియు ఓ వర్గమే. అంతకన్న కావలసినదేమి? భర్త రక్తమునే ఎక్కించిరి. వెంటనే ఆమెకు చలిజ్వరము, ఒడలినొప్పులు పట్టుకొని ప్రాణముమీదికి వచ్చెను. ఎట్లో బ్రదికి బయటపడినది. లెవీన్ ఆమె రక్తరసమును తీసి, ఆమె వర్గమునకు సరిపడు 104 మంది రక్తములతో కలిపి చూచెను. అందులో 80 మందివి ముద్ద కట్టినవి. అనగా ఆ వర్గములకు అతీతముగా, నూటికి సుమారు డెబ్బది యేడు మందికి ఉండి ఈమెకు మాత్రము లేని వస్తువొకటి ఉన్నదన్నమాట. అది భర్తకు కలదు. భర్తనుండి బిడ్డకు వచ్చినది. బిడ్డనుండి ఈమెకు చేరినది. ఈ సంగతిని వారు 1939లో ప్రకటించిరి గాని, ఆ వస్తువునకు పేరు పెట్టుట మరచిరి!

పేరు పెట్టినవారు మరుసటి యేట లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్. లాండ్‌స్టైనర్ అప్పటికి న్యూయార్క్ చేరి వృద్ధుడై యుండెను. లెవీన్ ఆయన పూర్వపు సహాయకుడే. వారు రీసస్ కోతి రక్తమును కుందేళ్ళకు సూదితో ఎక్కించి, వానిలో పుట్టిన ప్రతిరక్షకమును మనుష్య రక్తముతో కలిపి చూడగా, న్యూయార్క్‌లోని తెల్లవారిలో నూటికి సుమారు 85 మంది రక్తము ముద్ద కట్టినది. ఆ కోతి పేరుమీదుగా ఆ వస్తువునకు ‘ఆర్‌హెచ్’ అని పేరు వచ్చినది. ఈ కోతి మనకు కొత్తది కాదు; ఉత్తర హిందూదేశమున ఆలయములయొద్దను రైలు స్టేషనులయొద్దను కనబడు ఎఱ్ఱమూతి కోతియే. తమాషా యేమన, కుందేళ్ళు గుర్తించిన వస్తువు, ఆ తల్లి దేహము గుర్తించిన వస్తువు, రెండును సరిగా ఒకటి కావని తరువాత తేలినది. అప్పటికి పేరు పాతుకొనిపోయెను. కోతి పేరు మనుష్యుల రక్తమునకు ఊరకనే మిగిలినది. ఎవరు ముందు కనుగొనిరను విషయమై లెవీన్, వీనరుల నడుమ జరిగిన తగవు చాల ఏండ్లు సాగినది. దానిని వదలివేయుదము.

1941లో లెవీన్ ఈ వ్యాధికి కారణమును నిలువునా నిరూపించెను. ఆర్‌హెచ్ వస్తువు గలవారు పాజిటివు, లేనివారు నెగెటివు. నెగెటివు తల్లికి, పాజిటివు తండ్రికి పాజిటివు బిడ్డ కలుగునపుడే ఈ చిక్కు. ఇక్కడ ఆ పెద్దామె మొదటి రెండు ప్రశ్నలకు బదులు దొరకుచున్నది. నెగెటివు అనగా కొరత గాని రోగము గాని కాదు. ఒక జన్యువు లేకపోవుట మాత్రమే. ఆ రక్తముతో నూరేండ్లు ఆరోగ్యముగా బ్రదుకవచ్చును. ఇంగ్లీషు అక్షరముల ప్రక్కన వ్రాసిన ఆ చిన్న గీతను చూచి మన ఇండ్లలో దిగులు పడుదురు గాని, అది పరీక్షలో తప్పినట్లు సూచించు గుర్తు కాదు.

మేనరికమునకు దీనికి సంబంధము లేదు. నిజము చెప్పవలెనన్న, ఈ ఒక్క విషయములో లెక్క తలక్రిందులుగా నున్నది. దగ్గరి బంధువులలో ఆలుమగలిరువురును నెగెటివు అగుటకు బయటివారికన్న కొంచెము ఎక్కువ అవకాశము కలదు. ఇద్దరును నెగెటివు అయినచో బిడ్డకు ఏ ఆపదయు లేదు. దీనిని సాకుగా తీసికొని మేనరికములు కుదుర్చుకొనరాదు సుమా! వానివలన కలుగు చిక్కులు వేరే యున్నవి. మన దేశములో నెగెటివు వారు నూటికి సుమారు అయిదుగురు మాత్రమే. ఐరోపావారిలో పదునైదుగురు, స్పెయిను, ఫ్రాన్సు సరిహద్దులలోని బాస్క్ జాతిలో ముప్పదికి పైగా. మనలో తక్కువమంది గదా యని సంతోషింపవచ్చును గాని, మగవారిలో నూటికి తొంబదియైదుగురు పాజిటివు అగుటచేత, మన దేశమున నెగెటివు స్త్రీకి దాదాపు ఎల్లప్పుడును పాజిటివు భర్తయే దొరకును. అవసరపడినప్పుడు ఆమెకు సరిపడు రక్తము దొరకుటయు కష్టము.

కారణము తెలిసినది. కాని కారణము తెలిసిన దినముననే మందు దొరకునా? తరువాతి ఇరువది యేండ్లు వైద్యులు పుట్టిన బిడ్డను దక్కించుకొనుటకు పడిన పాటు సామాన్యము కాదు. ముందు ప్రతిరక్షకమును పసిగట్టవలెను. ఈ వ్యాధిని కలిగించు ప్రతిరక్షకము చిన్నది. ఎఱ్ఱకణమునకు అంటుకొనునే గాని ముద్ద కట్టింపలేదు. అందుచేత పాత పరీక్షకు చిక్కదు. కేంబ్రిడ్జిలోని రాబిన్ కూంబ్స్, ఆర్థర్ మౌరాంట్, రాబర్ట్ రేస్ 1945లో దానిని పట్టు ఉపాయము కనుగొనిరి. ప్రతిరక్షకమునకే ప్రతిరక్షకమును తయారుచేసి కలిపినచో, అంటుకొన్న కణములు అప్పుడు ముద్ద కట్టును. ‘కూంబ్స్ పరీక్ష’ అని నేటికిని ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఆ పేరే వినబడును.

బిడ్డ కడుపులో నున్నంతకాలము చితికిన కణములనుండి పుట్టు పచ్చని పదార్థమును మావి తల్లిలోనికి త్రోసివేయును. బొడ్డు కోసిన క్షణమునుండి ఆ భారము లేత కాలేయముమీద పడును. అందువలననే పుట్టినప్పుడు తెల్లగా నున్న బిడ్డ తెల్లవారులోపల పచ్చబడును. ఆ పచ్చదనము మెదడునకెక్కినచో బిడ్డ పోవుటయో, బ్రదికి చెవుడును వంకర్లు తిరుగు కాలుసేతులును మిగులుటయో జరుగును. దీనికి బోస్టన్‌లో డైమండ్ 1940ల నడుమ బొడ్డు రక్తనాళముగుండ సన్నని ప్లాస్టిక్ గొట్టమును పోనిచ్చి, కొంచెము కొంచెముగా పాత రక్తమును లాగి కొత్త రక్తమును ఎక్కించు పద్ధతిని స్థిరపరచెను. వేలకొలది శిశువులు దానివలన బ్రదికిరి.

మరియొక చికిత్స పుట్టిన విధము మన అమ్మమ్మలకు నచ్చును. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అను నర్సు, నెలలు నిండని పసికందులను ఎండ కాయుటకు పెరటిలోనికి తీసికొనిపోయెడిది. ఒకనాడు వైద్యులకు ఒక బిడ్డను చూపినది. ఒడలంతయు తెల్లగా ఉండి, దుప్పటి కప్పిన ఒక మూల మాత్రము పచ్చగా ఉన్నది! ఎండ తగిలిన చోట కామెర్లు విరిగినవన్నమాట. రెండేండ్లకు, 1958లో, ఆ ఆసుపత్రి వైద్యులు నీలి కాంతి దీపముల చికిత్సను ప్రకటించిరి. మన ఇండ్లలో పసిబిడ్డకు నూనె రాచి లేత ఎండ చూపు అలవాటు కలదు. మంచిదే. కాని పుట్టిన ఇరువదినాలుగు గంటలలోపల బిడ్డ పచ్చబడినచో అది పెరటిలోని ఎండతో తీరు సంగతి కాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

కడుపులోనే చనిపోవు బిడ్డ మాటయేమి? 1963లో న్యూజిలాండు దేశమున ఆక్లండులో విలియం లైలీ అను వైద్యుడు తల్లి పొట్టగుండ సూదిని దించి, లోపలి శిశువు కడుపులోనికి రక్తము పంపెను. మొదటి మూడు ప్రయత్నములును విఫలమైనవి. ముగ్గురు తల్లులు ఒప్పుకొనిరి, ముగ్గురికిని బిడ్డలు దక్కలేదు. నాలుగవ బిడ్డ బ్రదికెను. పుట్టని బిడ్డకు చికిత్స చేయవచ్చునని లోకమునకు తెలిసిన దినమది. ఆ నాలుగవ బిడ్డను అందరును తలతురు. మేము ఇది చదివినప్పుడెల్ల ఆ మొదటి ముగ్గురు తల్లులే జ్ఞప్తికి వత్తురు. నేడు స్కానింగు సాయమున సరిగా బొడ్డుతాటి నాళములోనికే రక్తము ఎక్కించుచున్నారు.

ఇవన్నియు జబ్బు వచ్చిన తరువాత చేయు పనులు. అసలు రానీయకుండుట ఎట్లు? ఈ ప్రశ్నకు బదులు ఒకే కాలమున రెండుచోట్ల, ఒకరితో నొకరికి సంబంధము లేకయే దొరకినది.

లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్ అను వైద్యునికి సీతాకోకచిలుకల పిచ్చి. వాని రెక్కలమీది చుక్కలు తల్లిదండ్రులనుండి ఎట్లు సంక్రమించుచున్నవో తెలిసికొనుటకు ఇంటిలోనే వానిని పెంచి జతపరచెడివాడు. ఫిలిప్ షెపర్డ్ అను జన్యుశాస్త్రజ్ఞునితో ఆయనకు చెలిమి కలిపినవి ఆ చిలుకలే. రెక్కల చుక్కలను నడపు జన్యువులు గుంపుగా కలిసి యుండు తీరు, ఆర్‌హెచ్ జన్యువుల తీరు ఒకదానికొకటి దగ్గరగా తోచుటచేత, వారి చూపు రక్తమువైపు మరలెను. పనిలేని పని యని నవ్వదగిన వేడుకలు ఒక్కొక్కప్పుడు ఎంతదూరము పోవునో చూడుడు.

లెవీన్ 1943లోనే ఒక వింతను గమనించి యుండెను. తల్లిబిడ్డల ఎ, బి, ఓ వర్గములు కూడ పొందనిచోట ఆర్‌హెచ్ వ్యాధి అరుదుగా వచ్చుచున్నది. ఏలనన, బిడ్డ కణములు తల్లిలో ప్రవేశించిన వెంటనే, ఆమెలో సహజముగా నున్న వర్గప్రతిరక్షకములు వానిని చంపివేయును. ఆర్‌హెచ్ సంగతి తల్లి దేహము గుర్తించులోపలనే శత్రువు మాయమగును. క్లార్క్ వద్దనున్న యువవైద్యుడు రోనాల్డ్ ఫిన్ 1960లో దీనినుండి ఒక సాహసమైన ఊహ చేసెను. ప్రకృతి చేయు ఈ పనిని మనమును చేయవచ్చును గదా! కాన్పు కాగానే తల్లికి బయటినుండి ఆర్‌హెచ్ ప్రతిరక్షకమునే కొద్దిగా ఇచ్చినచో, అది ఆమెలో చేరిన బిడ్డ కణములను ఏరివేయును; ఆమె దేహము తానై ఆయుధము చేసికొను అవసరమే కలుగదు. అరువు తెచ్చిన ప్రతిరక్షకము కొన్ని నెలలకు కరగిపోవును. ఆమె తరువాతి కాన్పునకు మరల తొలిచూలాలివలె నుండును.

ఏ వస్తువు బిడ్డలను చంపుచున్నదో దానినే తల్లికి సూదిమందుగా ఇచ్చుట! విన్నవారు ఉలికిపడిరి. ముల్లును ముల్లుతోనే తీయవలెనని మనవారనుదురు గాని, కాలిముల్లు వేరు, కడుపుతీపి వేరు. మొదటి ప్రయోగము ఎదురు తిరిగెను గూడ. పురుష స్వచ్ఛంద సేవకులకు పాజిటివు రక్తమును ఎక్కించి, పెద్దజాతి ప్రతిరక్షకమును ఇచ్చి చూడగా, మందు పుచ్చుకొన్నవారిలోనే ఎక్కువమందికి ఆయుధము పుట్టినది. వారు వెనుదీయక చిన్నజాతి ప్రతిరక్షకమును, కూంబ్స్ పరీక్షకు చిక్కు దానిని, వాడి చూచిరి. అది పని చేసెను. ఎట్లు చేసెనను సూక్ష్మమును గూర్చి శాస్త్రజ్ఞులు నేటికిని వాదించుచునే యున్నారు. చేయుటలో మాత్రము సందేహము లేదు.

అట్లాంటిక్ సముద్రమునకు ఆవల న్యూయార్క్‌లో విన్సెంట్ ఫ్రెడా, జాన్ గోర్మన్, విలియం పొలాక్ వేరొక త్రోవను ఇదే చోటికి చేరిరి. వారికి ఆధారము 1909 నాటి ఒక పాత పరిశోధన. వారు సింగ్ సింగ్ చెరసాలలో స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన ఖైదీలపై ప్రయోగములు చేసిరి. కటకటాల వెనుకనున్నవాని సమ్మతి ఎంతవరకు సమ్మతి యను ప్రశ్న నేటివారు వేయుదురు, వేయవలసినదే. ఆ చెరసాల నియమములవలన వైద్యులు రక్తమెక్కించిన వెంటనే మందు ఇచ్చుటకు వీలులేక, మూడు దినముల తరువాత వచ్చి ఇచ్చెడివారు. అందువలననే, కాన్పైన 72 గంటలలోపల సూది వేయవలెనను నియమము నేటికిని ప్రపంచమంతట నిలిచినది. ఆ అంకె ప్రకృతి పెట్టిన గడువు కాదు, చెరసాల పెట్టినది. ఎంత త్వరగా వేసిన అంత మంచిది. గడువు దాటినను వైద్యుని అడుగుట మానరాదు.

1964 జనవరిలో గోర్మన్ తన సోదరుని భార్యకే, ఇంగ్లండులో ఆమె కాన్పు కాగానే, ఈ మందు వేయించెను. పరుల బిడ్డలకన్న ముందు తనవారికి ఇచ్చుట ఆ మందుపై ఆయనకుగల నమ్మకమునకు గుర్తు. 1968లో అమెరికా ప్రభుత్వము దానిని అమ్ముటకు అనుమతించెను. కాన్పుకు ముందే, ఇరువది యెనిమిదవ వారమున ఒక సూది వేసినచో రక్షణ ఇంకను పెరుగునని కెనడాలోని జాన్ బౌమన్ 1970లలో చూపెను. లెక్క చెప్పుకొందము. ఏ మందును లేనిచో, వర్గము కలిసిన పాజిటివు బిడ్డను కన్న నెగెటివు తల్లులలో నూటికి సుమారు పదునారుగురిలో ప్రతిరక్షకము పుట్టును. కాన్పు తరువాత సూది వేసినచో ఒకరిద్దరిలో మాత్రమే. రెండు సూదులును వేసినచో వేయిమందిలో ఒకరిద్దరు.

ఇక ఈ కథలో మాకు ముఖ్యముగా తోచిన సంగతి. ఈ మందును ఏ కర్మాగారమును రసాయనములు కలిపి చేయలేదు. ప్రతిరక్షకము అప్పట్లో మనుష్యుల రక్తములో తప్ప దొరకెడిది కాదు. తొలినాళ్ళలో అది సమృద్ధిగా ఎవరి రక్తములో ఉండెను? బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల రక్తములో. ఒక బిడ్డయో ఇద్దరో ముగ్గురో పోగా, కాన్పు కాన్పుకు గట్టిపడిన ఆ విషము వారి నాళములలో నిలిచి యుండెను. ఆ స్త్రీలు వచ్చి చేయి చాపి దానిని ఇచ్చిరి. తమకిక ఉపయోగపడదని వారికి తెలియును. ప్రతిరక్షకము ఒకమారు పుట్టిన తరువాత ఈ సూది పనిచేయదు. తమ బిడ్డలను చంపిన వస్తువే సీసాలలోనికెక్కి, ముక్కుమొగము తెలియని వేరొక ఇల్లాలి బిడ్డను కాపాడినది. వారి పేర్లు ఏ గ్రంథములోను లేవు. 1980లో క్లార్క్, ఫిన్, ఫ్రెడా, గోర్మన్, పొలాక్ అయిదుగురికిని అమెరికాలో లాస్కర్ బహుమతి వచ్చినది, తగినవారికే వచ్చినది.

తరువాత పురుషులును రక్తదాతలైరి. వారిలో ఒకని పేరు లోకమునకు తెలియును. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ పదునాలుగేండ్ల ప్రాయమున రొమ్ము శస్త్రచికిత్సకు లోనై, ఇతరుల రక్తముతో బ్రదికెను. పదునెనిమిది నిండగానే, 1954లో, ఆ ఋణము తీర్చుటకు రక్తదానము మొదలిడెను. ఆయన రక్తములో ఈ ప్రతిరక్షకము హెచ్చుగా నున్నట్లు తేలుటచే, 1967లో ఆ దేశమున ఈ మందు తయారీకి మొదటి దాతలలో ఒకడాయెను. 2018లో ఎనుబదియొకటవ యేట, వయస్సు మీరినదని వైద్యులు మానిపించువరకు, 1173 మారులు ఇచ్చెను. ఒక్కమారైనను సూది గ్రుచ్చుటను చూడలేదట. మొగము అటు త్రిప్పుకొనెడివాడు. ఆయన కుమార్తెకే ఆ సూది అవసరపడినది. 2025లో ఆయన కాలధర్మము నొందెను.

మనుష్యుల రక్తమునుండి వచ్చు మందుకు రక్తములోని ఆపదలును అంటుకొని వచ్చును. ఐర్లండులో 1977లో తయారైన కొన్ని సీసాలలో కాలేయవ్యాధి క్రిములు చేరి, వందలకొలది తల్లులకు ఆ జబ్బు సోకెను. 1994 వరకు ఆ సంగతి బయటపడలేదు. బిడ్డలను కాపాడుకొనుటకై వేయించుకొన్న సూది అది. ఇప్పుడు దాతల రక్తమును గట్టిగా పరీక్షించి, క్రిములను చంపిన తరువాతనే మందు తయారు చేయుచున్నారు. కాని ఆ తల్లుల మాట చెప్పకుండ ఈ చరిత్ర చెప్పుట తగదు.

మా చిన్న బదులులో ఏమి వ్రాసితిమో చెప్పెదము. మొదటి కాన్పునాడు కోడలికి ఈ సూది వేసిరో లేదో ఆనాటి ఆసుపత్రి కాగితములో చూడుడు. తండ్రి రక్తమును పరీక్ష చేయించుడు. ఆమె రక్తమునకు కూంబ్స్ పరీక్ష చేయించుడు. ప్రతిరక్షకము లేదన్నచో భయము లేదు. ఇరువది యెనిమిదవ వారమున ఒక సూది, కాన్పైన పిదప బిడ్డ రక్తము పాజిటివు అయినచో మూడు దినములలోపల ఇంకొకటి. గర్భస్రావమైనను సూది మరువరాదు. ప్రతిరక్షకము ఉన్నదన్నచో సూదివలన ఫలము లేదు గాని, ఆశ వదలుకొనరాదు. శిశువును స్కానింగుతో కనిపెట్టుచు, అవసరమైన కడుపులోనే రక్తమెక్కించు వసతిగల పెద్ద ఆసుపత్రికి ఇప్పటినుండియే పోవలెను.

పోయిన శనివారము రెండవ జాబు వచ్చినది. పాత కాగితము ట్రంకు పెట్టె అడుగున, పసివాని బారసాల బట్టల క్రింద దొరకినదట. మందుల వరుస వ్రాసిన చోట నీరు తగిలి అక్షరములు అలికిపోయినవి. ఏమి వేసిరో తెలియలేదు. కోడలిని వెంటబెట్టుకొని, ఈసారి కొడుకును గూడ పిలుచుకొని, పెద్దామెయే స్వయముగా జిల్లా ఆసుపత్రికి పోయి ఇద్దరి రక్తమును ఇప్పించి వచ్చినది. కూంబ్స్ పరీక్ష ఫలితము ఇంకను రాలేదట.